రెండో ఆవిడ గొంతు

ఆవిడ గొంతు పోలేదు. ముందు ఈ మాట రాసేస్తున్నాను, ఎందుకంటే మనవాళ్ళలో చాలామంది మొదటి పేరా దాటి చదవరు. పోయిందని రాజమండ్రిలో మైకు పట్టుకుని చెప్పింది నేను. అసలు జరిగిందేంటో కింద రాస్తాను. ఓపికున్నవాళ్ళు చదవండి.

నేను చెప్పేది మా గోదావరి డెల్టాలో అందరూ ఎరిగిన ఒక సంగీత నాటకం సంగతి. దాని పేరు రాయను. ఇటు తణుకు నుంచి అటు సామర్లకోట దాకా, ఊరి తీర్థంలో, అంటే జాతరలో, ఇవాళ నాటకం ఉందంటే అదేనని జనానికి తెలిసిపోయే రోజులుండేవి. కథ చిన్నది. ధాన్యం పడవ నడిపే సరంగు ఒకడు కొత్తగా పెళ్ళి చేసుకుంటాడు. వరదలో పడవతో సహా కనపడకుండా పోతాడు. చచ్చిపోయాడని ఊరంతా అంటుంది, బతికే ఉన్నాడని పెళ్ళాం అంటుంది. చివరికి పడవ ఒడ్డుకి కొట్టుకొస్తుంది, మనిషి రాడు. అప్పుడామె రేవులో నిలబడి ఒక పద్యం పాడుతుంది. మిగతా నాటకమంతా ఆ పద్యం దగ్గరికి చేరడానికే.

ఆ పెళ్ళాం పాత్రని ఇద్దరు ఆడవాళ్ళు వేస్తారు. ఇంటర్వెల్ దాకా కొత్త పెళ్ళికూతురిగా ఒకావిడ, తర్వాత ఎదురుచూసే ఇల్లాలిగా ఇంకొకావిడ. మొదటావిడ పొడుగ్గా తెల్లగా ఉండి, రెండో ఆవిడ పొట్టిగా చామనఛాయగా ఉన్నా ఎవరూ పట్టించుకునేవారు కాదు. పోస్టర్లోనే ఇద్దరి ఫోటోలూ వేసేవారు. మొదటావిడ చూడ్డానికి, రెండో ఆవిడ వినడానికి అని మగవాళ్ళు నవ్వుకునేవారు. ఇద్దరికీ వేరే ఊళ్ళు, వేరే పేర్లు ఉన్నా, తీర్థాలు జరిపించే కమిటీల వాళ్ళకి వాళ్ళు మొదటావిడ, రెండో ఆవిడ. నేను రాసేది ఆ రెండో ఆవిడ గురించి. సామర్లకోటలో రైలు కట్టకి దగ్గర్లో ఉంటుంది. నేను పిన్నిగారూ అని పిలుస్తాను, చుట్టరికం ఏమీ లేదు. మా నాన్న ఆ నాటకానికి హార్మోనియం వాయించేవాడు, అంతే.

ఇంకొక్క సంగతి చెబితే గానీ తర్వాత జరిగింది అర్థం కాదు. మా స్టేజీ మీద పద్యం ఎక్కడ ముగియాలో పాడే మనిషి చేతిలో ఉండదు. జనం వన్స్ మోర్ అని అరిస్తే, ఏడుస్తున్న పెళ్ళాం కళ్ళు తుడుచుకుని, కొంగు సర్దుకుని, మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకుంటుంది. జనం ఏమీ అనకుండా ఊరుకుంటే అది ఇంకా పెద్ద సంగతి. పద్యం పండలేదన్నమాట. అప్పుడు రాగం మార్చి, పోకడ మార్చి, ఇంకో దారిలో మళ్ళీ పాడుతుంది. చివరికి ఎవడో ఒకడు ఈల వేసేదాకా వదిలిపెట్టదు. ఆవిడ ఎటు తిరిగితే అటు మా నాన్న వేళ్ళు తిప్పేవాడు. దీన్ని ఎవరూ ఎవరికీ నేర్పలేదు. మాకు ఊపిరి పీల్చుకోవడం లాంటిది.

ఇప్పుడు హైదరాబాదు సంగతి. నేను అక్కడ చాలా ఏళ్ళుగా టీవీ సీరియళ్ళకి మాటలు రాస్తూ బతుకుతున్నాను. అత్తాకోడళ్ళు ఒకరినొకరు మూడు వైపుల నుంచి చూసుకునే సీరియళ్ళే. రాసిన ఒక్క వాక్యమూ నాకు గుర్తులేదు, చూసినవాళ్ళకీ గుర్తుండదు. అలాంటి నాకు, మా నాటకాన్ని ఓటీటీకి సిరీస్‌గా తీస్తున్నామని, తర్వాత టీవీలో కూడా వేస్తామని, మీరు ఆ ప్రాంతం వాళ్ళు కదా రమ్మని కబురొచ్చింది. నా ఉద్యోగం పేరు లోకల్ ఫ్లేవర్ కన్సల్టెంట్. అంటే వాళ్ళు వండినదాంట్లో గోదావరి వాసన వచ్చిందో లేదో చూసి చెప్పే మనిషి. సిగ్గుపడాల్సిందే గానీ, అప్పట్లో ఆ పేరుతో విజిటింగ్ కార్డు కూడా కొట్టించాను.

మొదటి మీటింగు ఒక అద్దాల గదిలో. దర్శకుడు ముప్పై దాటని కుర్రాడు. సొంతూరు ఏలూరు పక్కనేనట. పుట్టి బుద్ధెరిగాక ఒక్క తీర్థానికీ వెళ్ళలేదని చెప్పాడు, అదేదో డిగ్రీ అయినట్టు. పక్కన క్రియేటివ్ హెడ్ అని ఒకామె. ఆమె నాటకం వీడియో ఫోన్లో చూసిందట, కొంచెం.

"గురువుగారూ, ఒకే క్యారెక్టర్‌కి ఇద్దరేంటండీ? ఆడియన్స్ కన్ఫ్యూజ్ అయిపోరూ?" అన్నాడు దర్శకుడు.

"ఇన్నేళ్ళూ ఎవరూ అవలేదండి."

"వాళ్ళు స్టేజీ ఆడియన్స్ కదా."

స్టేజీ ముందు కూర్చునేవాళ్ళకి బుర్రలు వేరుగా ఉంటాయని నాకు ఆ రోజు తెలిసింది. నేను తలూపాను.

"ఈ లాస్ట్ పోయెమ్ చాలా లెంగ్తీగా ఉంది. మనం ఓ నలభై సెకన్లు అనుకుందాం. అంతకన్నా ఎక్కువైతే స్కిప్ కొట్టేస్తారు," అంది క్రియేటివ్ హెడ్.

"అక్కడ జనం మళ్ళీ మళ్ళీ పాడించుకుంటారండి. వన్స్ మోర్ అని."

"మనకి రివైండ్ ఉంది కదండీ!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె మాట నిజంగానే బాగుందని ఆ క్షణంలో అనిపించింది కూడా. ఆ తర్వాత హార్మోనియం తీసేసి పియానో పెట్టారు. ధాన్యం పడవని హౌస్ బోటు చేశారు, కేరళలో దొరుకుతాయని. ప్రతి పాత్రా ప్రతి మాట చివరా "ఆయ్" అనాలన్నారు. ఏడ్చేటప్పుడు కూడానా అని అడిగాను. "ఏడ్చేటప్పుడు ఇంకా క్యూట్‌గా ఉంటుందండీ," అన్నాడు దర్శకుడు. రావులపాలెం నుంచి లారీ నిండా అరటి గెలలు తెప్పించి, సరంగు ఇంటి ముందు, ఇంటి వెనక, ఆఖరికి పడకగది గుమ్మానికి కూడా కట్టారు. ఆ ఇల్లు చూస్తే కాపురం చేసే ఇల్లులా కాదు, గెలలు మాగబెట్టే కొట్టులా ఉంది. బాగుందన్నాను. నా పని అదే కదా.

నేను చేసిన ఒక్క మంచి పని, ఆ చివరి పద్యం మాత్రం రెండో ఆవిడ చేతే పాడించమని అడగడం. తెర మీద కనపడేది వేరే అమ్మాయే అయినా గొంతు ఆవిడదైతే చాలనుకున్నాను. ఒప్పుకున్నారు. పాత నాటకంలో ఒరిజినల్ గొంతు అని ప్రచారానికి పనికొస్తుందని ఒప్పుకున్నారు.

ఆవిణ్ణి నేనే రైల్లో తీసుకొచ్చాను. దారంతా సన్నగా పాడుకుంటూనే ఉంది. ఎదుటి సీటులో పెద్దాయన గుర్తుపట్టి, రేవు పద్యం అడిగి పాడించుకుని, తన టిఫిన్ డబ్బాలోంచి బొబ్బట్టు పెట్టాడు. గొంతు అంటే అదీ.

స్టూడియోలో ఆవిణ్ణి అద్దం వెనక గదిలో నిలబెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించారు. చీర సర్దుకుని, కళ్ళు మూసుకుని పాడింది. నేను ఆ పద్యం చిన్నప్పట్నుంచి విన్నాను. అంత బాగా ఎప్పుడూ వినలేదు. పాడటం అయిపోయింది. స్టూడియోలో పద్ధతి ఏంటంటే, గొంతు ఆగాక కూడా కాసేపు ఎవరూ కదలకూడదు. చప్పుడు రికార్డయిపోతుంది. అందుకని ఎవరూ కదల్లేదు. తర్వాత ఇంజనీరు కంప్యూటర్లో తల పెట్టాడు. దర్శకుడు ఫోనెత్తి ఎవరితోనో అరటి గెలల లారీ గురించి మాట్లాడుతున్నాడు.

ఆవిడ కళ్ళు తెరిచింది. అద్దం ఇవతల మేమందరం బొమ్మల్లా ఉన్నాం. ఒక్క తలా ఊగలేదు. ఆవిడ మొహం మారడం నేను చూశాను.

మళ్ళీ ఎత్తుకుంది. ఈసారి ఎత్తుగడ మార్చింది. మళ్ళీ నిశ్శబ్దం. ఇంకోసారి పాడింది, రాగమే మార్చేసింది. మూడోసారికి దర్శకుడు ఫోను పెట్టేసి విన్నాడు.

"ఏంటి సార్, ఈవిడ ఒక్కోసారి ఒక్కోలా పాడుతోంది? ట్యూన్ గుర్తులేదా?"

నేను చెప్పాల్సింది ఒకటే వాక్యం. మీరెవరూ ఏమీ అనలేదు కాబట్టి నచ్చలేదనుకుంటోంది, మైకు నొక్కి బాగుందని ఒక్క మాట చెప్పండి అని. అంతే. ఆ గదిలో ఈ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. కానీ ఆ మాట చెబితే, ఈలలూ వన్స్ మోర్లూ తీర్థాలూ అన్నీ చెప్పుకురావాలి. అప్పుడే నాతో సమానంగా మాట్లాడటం మొదలుపెట్టిన ఆ పిల్లల ముందు మళ్ళీ పల్లెటూరివాణ్ణి అయిపోవాలి. ఫ్లేవర్ అమ్ముకునే మనిషికి ఆ ఫ్లేవర్ తనలోనే ఉందని నలుగురికీ తెలియడం ఇష్టముండదు.

"పెద్దావిడ కదండీ," అన్నాను.

లోపల్నుంచి ఆవిడ అడిగింది. స్పీకర్లో మా అందరికీ వినిపించింది. "ఏం అబ్బాయ్, బాగాలేదా?"

ఇంజనీరు నాకు మైకు ఇచ్చాడు. "బాగానే ఉందండి పిన్నిగారూ, వాళ్ళు చూసుకుంటారు," అన్నాను. నాటకాల మనిషితో బాగానే ఉంది అనడమంటే ఏంటో నాటకాల ఇంట్లో పుట్టినవాడికి తెలియదా? ఆవిడ మధ్యాహ్నం దాకా పాడుతూనే ఉంది. ఒకదానికొకటి పోలికలేదు. ఒక్కటీ తెర మీద అమ్మాయి పెదాలకి కలవదని ఇంజనీరు తేల్చేశాడు. తిరుగు రైల్లో ఆవిడ పాడలేదు. అలసిపోయిందనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది.

తర్వాత ఎవరో అమ్మాయి చేత నలభై సెకన్లు పాడించి, గొంతుని కంప్యూటర్లో సాపు చేశారు. ఇస్త్రీ చేసిన గొంతు. ఎక్కడా ముడత లేదు, మనిషీ లేదు. సిరీస్ వచ్చింది. రాజమండ్రిలో ఒక హోటల్లో ప్రెస్ మీట్ పెట్టారు. లోకల్ మనిషినని నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. ఒక విలేఖరి లేచి అడిగాడు, "రేవు పద్యం రెండో ఆవిడ చేత పాడించలేదేంటండీ? ఇక్కడ జనం అడుగుతున్నారు."

దర్శకుడు నా వైపు చూశాడు. నేను మైకు తీసుకున్నాను.

"మేం చాలా ప్రయత్నించామండి. వయసు కదండీ, ఆవిడ గొంతు సహకరించడం లేదు. ట్యూన్ కూడా గుర్తుండట్లేదు. మాకూ బాధగానే ఉంది."

బాధ అన్న మాట కూడా వాడాను. మాటలు రాసుకుని బతికేవాణ్ణి కదా, ఎక్కడ ఏది అతుకుతుందో తెలుసు.

ఆ ముక్క యూట్యూబులో తిరిగింది. మా జిల్లాల జనం గురించి కూడా చెప్పుకోవాలి. వీళ్ళే ఆవిడ చేత తెల్లవారేదాకా పాడించుకున్నవాళ్ళు. మొన్నటి తీర్థంలోనే విన్నవాళ్ళు. తమ చెవులతో విన్న గొంతు కన్నా ఫోన్లో నేను చెప్పిన మాట మీద ఎక్కువ నమ్మకం. "పాపం" అని రాసి దండం బొమ్మలు పెట్టారు. కమిటీల వాళ్ళు సరేసరి. "మీరు రెస్టు తీసుకోండమ్మా" అని ఒక కమిటీ ఫోన్ చేసింది. మిగతావాళ్ళు ఆ మర్యాద కూడా చెయ్యలేదు. ఆవిడ బదులు ఎవరో పిల్లని పెట్టి, సిరీస్‌లోని నలభై సెకన్ల పాటని స్పీకర్లో వేసి పెదాలు ఆడిస్తున్నారు. ఎదురుగా హార్మోనియం ఉంటుంది, వాయించేవాడు చేతులు కట్టుకుని కూర్చుంటాడు. జనం ఫోన్లు పైకెత్తి తీసుకుంటారు. వాళ్ళ దగ్గర ఇంతకు ముందే ఉన్న పాటని మళ్ళీ ఫోన్లో తీసుకోవడం దేనికో నాకు అర్థం కాలేదు.

నేను ఆవిడ దగ్గరికి వెళ్ళడానికి కారణం గొప్పదేమీ కాదు. రెండో సీజన్‌కి నన్ను పిలవలేదు. లోకల్ ఫ్లేవర్ ఇంక అక్కర్లేదట, డేటా ఉందట. పని లేనప్పుడు మనిషికి మిగతావన్నీ గుర్తొస్తాయి.

సామర్లకోటలో ఆవిడ వసారాలో పీట మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు విరుస్తోంది. నన్ను చూసి, "రా అబ్బాయ్," అని కుర్చీ చూపించింది. కోపంగా ఏమీ లేదు. అందుకే నాకు భయం వేసింది.

"నువ్వు చెప్పింది నిజమే," అంది. "ఆ రోజు నాకేమైందో ఇప్పటికీ తెలీదు. ఎన్ని రకాలుగా పాడానో. ఒక్కళ్ళకీ ఎక్కలేదు. గొంతు బాగానే వస్తోందనిపించింది నాకు. నా చెవులు కూడా పోయాయేమోనని మా కోడల్ని అడిగాను. డాక్టరుకి కూడా చూపించుకున్నాను."

"ఇప్పుడు పాడుతున్నారా పిన్నిగారూ?"

"ఎందుకు పాడటం? నాకు బాగున్నది వినేవాళ్ళకి బాగాలేదంటే ఇంక నేను దేన్ని నమ్ముకుని పాడనూ?"

ఆవిడ నన్ను తిడుతుందనుకుని వెళ్ళాను. ఆవిడ నన్ను నమ్మింది. నేను మైకులో చెప్పిన అబద్ధాన్ని, ఎవరి గురించి చెప్పానో ఆ మనిషే నమ్మింది.

చెప్పేశాను. స్టూడియోలో ఎవరూ కదలకూడదని, అది పద్ధతని, మొదటిసారి పాడిందే సరిపోయేదని, మిగతావన్నీ అనవసరమని. ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"అంటే బాగాలేక కాదా ఊరుకున్నది?"

"కాదండి."

"మరి బాగుందని ఎవరైనా చెప్పొచ్చుగా?"

"వాళ్ళకి తెలీదండి, ఎవరో ఒకరు చెబితే గానీ..."

"వాళ్ళకి తెలీదు. నీకు?"

నేను చేటలోంచి ఒక గోరుచిక్కుడు తీసుకున్నాను.

"మీ నాన్న అయితే హార్మోనియం మీద ఒక్క మెట్టు నొక్కి చెప్పేవాడు, అబ్బాయ్. నోరు కూడా విప్పక్కర్లేదు." గోరుచిక్కుళ్ళ చేట పక్కకి తోసింది. "అద్దానికి అవతల నించుని చూస్తున్నావు. నేను ఒక్కో రాగం వెతుక్కుంటుంటే చూస్తున్నావు. ఏం చూశావు? సర్కస్ అనుకున్నావా?"

కోడలు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నేను చెప్పలేదా అత్తయ్యా, మీ గొంతుకేం కాలేదని?" అంది. తర్వాత నా వైపు చూసి, "కాఫీ పెట్టమంటారా, వెళ్ళిపోతారా?" అంది. ఆ రెండూ ఒకటే అన్నట్టు అడిగింది.

క్షమించమని అడిగాను. అడగడం మహా సులువు. ఆవిడ దాన్ని పట్టించుకోలేదు.

"పేపర్లో రాస్తాను పిన్నిగారూ. జరిగిందంతా రాస్తాను."

"రాయి. నన్ను ముసలిదాన్ని చేసి, పాపం అనిపించేలా రాయకు. అది సరే, కమిటీల వాళ్ళు పేపరు చదువుతారా? ఫోన్ తియ్యి."

"ఇప్పుడాండీ?"

"ఇప్పుడే. నా ఎదురుగా. వినపడేలా పెట్టు."

ఆవిడే నంబర్లు చెప్పింది, చూడకుండా. మొదటి ఫోను తణుకు వైపు ఒక కమిటీ అధ్యక్షుడికి. ఎరువుల వ్యాపారం ఆయనది. వెనకాల బస్తాలు దింపుతున్న చప్పుడు. నేను చెప్పాల్సింది చెప్పాను.

"అయ్యో, అలాగా అండి," అన్నాడు. "మంచిదేనండి మరి. మాకూ అనుమానంగానే ఉండేదండి."

అనుమానం ఉంటే అడగొచ్చు కదా అని నేను అనలేదు. అనే అర్హత లేదు.

"అయితే వచ్చే తీర్థానికి ఆవిణ్ణే పెడతారాండి?"

"పెట్టచ్చండి, ఆవిడ మన మనిషేగా. కాకపోతే ఒక్కటండి. ఆ పద్యం ఇప్పుడు జనానికి సిరీస్‌లోలాగే చిన్నదిగా కావాలండి. మహా అయితే రెండు నిమిషాల్లో అయిపోయేలా పాడతారా అడగండి. ఆ తర్వాత డాన్స్ ప్రోగ్రాం ఉందండి."

ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి ఆవిడ వైపు చూశాను. చెయ్యి తీసేయమని సైగ చేసింది. ఫోన్ వైపు వంగి తనే చెప్పింది.

"అవదండీ. స్టేజీ దిగమన్నప్పుడు దిగే మనిషిని కాదు నేను, మీకు తెలుసుగా."

అవతల ఇబ్బందిగా నవ్వాడు. "అయితే ఈసారికి కష్టమేమోనండి, అమ్మా."

"సరేనండి. కానీ ఒకటి. నన్నెందుకు పెట్టలేదని ఎవరైనా అడిగితే, డాన్స్ ప్రోగ్రాం ఉందని చెప్పండి. గొంతు పోయిందని చెప్పకండి."

"అలాగేనండి," అన్నాడాయన, చాలా తేలిగ్గా.

పెట్టేశాక నేను ఓదార్పుగా ఏదో అనబోయాను. ఆవిడ వినలేదు. చేట మళ్ళీ దగ్గరికి లాక్కుని ఇంకో నంబరు చెప్పింది. ఈసారి రావులపాలెం అవతల ఏదో లంక ఊరి కమిటీ. ఫోన్లో ఎవరిదో పడుచు గొంతు వినిపించింది.

"నేనండీ, ఆ సిరీస్‌కి పనిచేసినవాణ్ణండి. మన రెండో ఆవిడ గురించి ప్రెస్ మీట్‌లో నేను చెప్పింది..."

"సరిగ్గా వినపట్లేదండి," అన్నారు అవతల.

"గట్టిగా చెప్పు," అంది ఆవిడ, గోరుచిక్కుడు విరుస్తూ. "ఆ రోజు మైకులో బాగానే చెప్పావుగా."